ఇత్తడి డబ్బాలో ఊపిరి

రెగ్యులేటర్ అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి ఫ్యాను స్పీడు పెంచేది, రెండోది గ్యాస్ బండకి బిగించేది. మా వంటింటి బల్ల మీద విప్పి పెట్టిన గుండ్రటి డబ్బానీ, దానికి వేలాడుతున్న రెండు నల్లటి ముడతల గొట్టాల్నీ చూసి, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య కూడా "ఏంటమ్మాయ్, గ్యాస్ లీకవుతోందా?" అని కంగారుపడ్డారు. కాదత్తయ్యా, సముద్రంలో మునిగేవాళ్లు దీంతో ఊపిరి పీలుస్తారని చెప్తే, "మరి వంటింట్లో ఎందుకూ?" అన్నారు. ఆ ప్రశ్న మావారు అడగబట్టి అప్పటికే చాలా ఏళ్లయింది!

పుట్టింది కాకినాడలోనే అయినా మోకాళ్ల లోతు దాటి సముద్రంలోకి దిగి ఎరగను. పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చి, లాంగ్ బీచ్‌లో కాపురం పెట్టి, పిల్లలతోపాటు ఈత నేర్చుకుని, ముప్పై ఎనిమిదో ఏట స్కూబా డైవింగ్ సర్టిఫికెట్ తీసుకున్నా. ఆ సంగతి తెలిసి 2018లో మా పక్కింటి పెద్దావిడ ఒక పాత గోనెసంచి తెచ్చిచ్చారు. అందులో కాలంచేసిన ఆవిడ భర్త వాడిన రెగ్యులేటరుంది. 1960ల నాటి డి.ఎ. ఆక్వామాస్టర్. గొట్టాలు ఎండి పెళుసెక్కాయి. డబ్బా అంచుల్లో చిలుం. "ఇది మళ్లీ ఊపిరి తీస్తుందేమో చూడు" అన్నారు.

అసలు ఇదేం చేస్తుందో చెప్తాను. కారు టైర్లో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 32 పౌండ్లుంటే, ఆ రోజుల స్టీలు సిలిండర్లో 2,250 పౌండ్లు. తిన్నగా నోట్లోకి వదిలితే ఇంకేమైనా ఉందా! గ్యాస్ బండ మీద రెగ్యులేటర్ లాగే ఇదీ ఆ ఒత్తిడిని దించుతుంది. పైగా మనం పీల్చినప్పుడే గాలి ఇస్తుంది. డబ్బా లోపల అరచేతి వెడల్పున రబ్బరు పొర ఉంటుంది. దానికి అవతల నీళ్లు, ఇవతల గాలి. మనం పీల్చగానే పొర లోపలికి వంగి, మీటని నొక్కి, వాల్వు తెరుస్తుంది. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు పొరని ఎంత గట్టిగా నొక్కితే గాలీ అంత ఒత్తిడితో వస్తుంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు.

దీని పుట్టుక కూడా గ్యాస్ రెగ్యులేటరే. యుద్ధకాలంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లని గ్యాస్‌తో నడిపేవారు. అందుకోసం ఎమిల్ గన్యాన్ అనే ఇంజినీరు ఒక వాల్వు తయారుచేశాడు. నౌకాదళంలో ఉన్న జాక్ కూస్తో దాన్ని నీళ్లలో వాడదామన్నాడు. వాళ్లిద్దర్నీ కలిపింది కూస్తో భార్య సిమోన్ పుట్టిల్లు. ఆవిడ తండ్రి, గన్యాన్ పనిచేసే ఎయిర్ లిక్విడ్ కంపెనీలో పెద్ద పదవిలో ఉండేవాడు. ఈ మాట చాలామంది దాటేసి చదువుతారు, నాకు మాత్రం గుర్తుండిపోయింది. 1943లో మార్న్ నదిలో చేసిన మొదటి ప్రయోగం సరిగ్గా కుదర్లేదు. కూస్తో నిలువుగా ఉంటే గాలి వృథాగా పోయేది, తలకిందులైతే అందేది కాదు. వదిలిన ఊపిరి బయటికి పోయే దారి కూడా గాలినిచ్చే పొర పక్కనే, ఒకే ఎత్తులో ఉండాలని తేల్చారు. రెండు గొట్టాలు అందుకే. ఒకటి గాలి తెస్తుంది, ఇంకోటి వదిలిన ఊపిరిని మెడ వెనకున్న డబ్బా దాకా తీసుకెళ్తుంది. ఆ వేసవిలో కూస్తో మధ్యధరా సముద్రంలో దిగినప్పుడు సిమోన్ పైన ఈదుతూ, ముసుగులోంచి ఆయన్నే చూస్తూ ఉందట. ఆ తర్వాత ఆవిడా డైవింగ్ చేసింది.

మళ్లీ మా వంటింటికొద్దాం. మా అమ్మ ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమేది. ఇక్కడా పనిచేసేది ఆ పులుపే. తెల్ల వెనిగరు, నీళ్లు సమంగా కలిపి, ఇత్తడి భాగాల్ని కాసేపు వేసి, మాటిమాటికీ తీసి చూస్తూ టూత్‌బ్రష్‌తో రుద్దాలి. చింతపండే వాడదామనుకున్నా గానీ, సూదిమొనంత బెజ్జాల్లో దాని పీచు ఇరుక్కుంటే అంతే సంగతులు. రబ్బరు సామాను ఏదీ పనికిరాదు. పొర, గొట్టాలు, ఊపిరి బయటికి వదిలే బాతుముక్కులాంటి వాల్వు కొత్తవి వేయాల్సిందే. ఈ పాతవాటి కోసమని సిలికాన్‌తో చేసి అమ్మే చిన్న తయారీదారులున్నారు. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది, సిలికాన్ గ్రీజే రాయాలి. ఎంత పీలిస్తే వాల్వు తెరుచుకుంటుందో కొలవడానికి చెక్కకి పారదర్శకమైన గొట్టం బిగించి, నీళ్లలో మిఠాయి రంగు కలిపి, పక్కన అంగుళాల స్కేలు అంటించా. అదే మీటరు.

ఇంతవరకూ బాగానే ఉంది. తప్పు ఎక్కడ చేశానంటే, డబ్బా మీది క్రోమియం పూత పొరలు పొరలుగా లేచిపోయింది. పూత వేసే షాపుకిచ్చి "కొత్తదానిలా చేయండి" అన్నా. అలాగే చేశారు. అద్దంలా మెరుస్తూ వచ్చింది.

పెద్దావిడకి చూపించా. ఆవిడ డబ్బాని తిరగేసి, వెనక వైపు బొటనవేలితో తడుముతూ "గీతలేవీ?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. వెనక ఏడు సన్న గీతలుండేవి. రాళ్లకి రాసుకుని పడ్డాయనుకున్నా. పెళ్లిరోజు వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ కలిసి కాటలీనా దీవి దగ్గర దిగేవారట. తిరిగొచ్చాక ఆయన మేకుతో ఒక గీత గీసేవాడట. పూత వేసేముందు ఇత్తడిని సాఫుగా అరగదీస్తారు కదా, ఏడూ పోయాయి. నాకు నోట మాట రాలేదు. బాగుచేయమంటే, ఆవిడది కానిదేదో చేసిచ్చా. ఒక్క మాట అడిగుంటే పోయేది కదా! ఫోటో కూడా తీసిపెట్టుకోలేదు.

ఆవిడ తిట్టలేదు. కాసేపటికి "ఊపిరి తీస్తుందా?" అని మాత్రం అడిగారు. సిలిండరుకి బిగించి ఇచ్చా. పెరట్లో కుర్చీలో కూచుని, నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పీల్చారు. వెనకనుంచి బుస్సుమని చప్పుడు. "ఇదే చప్పుడు" అన్నారు.

ఆ తర్వాతే ఆవిడ తన సంగతులు చెప్పడం మొదలెట్టారు. ఆవిడ దిగే రోజుల్లో పడవ మీద చాలాసార్లు ఆవిడొక్కరే ఆడమనిషట. "ఎందుకు, డాటీ ఉండగా!" అనేవారట. డాటీ ఫ్రేజియర్ లాంగ్ బీచ్ ఆవిడే, 1955లోనే స్కూబా నేర్పే గురువైన మొదటి మహిళ. నిండు నూరేళ్లకి కొంచెం ముందు 2022లో పోయారు. అంతకన్నా ముందు 1954లో జేల్ ప్యారీ కాటలీనా దగ్గర 209 అడుగుల లోతుకి దిగి రికార్డు పెట్టింది. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివితే, ఈవిడ పక్కింటి కబుర్లలా చెప్పారు.

ఇప్పుడు నా దగ్గర ఏడు రెగ్యులేటర్లున్నాయి. స్క్రూ ముట్టుకోకముందే అన్ని వైపులా ఫోటోలు తీస్తాను. ఇచ్చినవాళ్లని "దీని మీద ఏ గుర్తు ఎలా పడింది?" అని అడిగి రాసుకుంటాను. ఒక మిస్ట్రాల్ మీద పెద్ద నొక్కు ఉంది, దాన్నలాగే ఉంచేశా. ఏది బాగుచేసినా ముందు ఈతకొలనులోనే పరీక్ష. మొదటిసారి సరదాగా వెల్లకిలా తిరిగితే గాలి ధారలా నోట్లోకి వచ్చేసి ఉక్కిరిబిక్కిరయ్యా! డబ్బా కిందికీ, నోరు పైకీ అయితే అంతే మరి. సముద్రంలోకైతే ఈనాటి రెగ్యులేటర్ ఇంకోటి పక్కన లేకుండా దిగను.

పెద్దావిడ ఆక్వామాస్టర్‌ని తిరిగి తీసుకోలేదు. నన్నే దిగమన్నారు. కిందటి సెప్టెంబరులో ఇద్దరం పడవెక్కి కాటలీనా వెళ్లాం. అవలాన్‌లో క్యాసినో పాయింట్ దగ్గర మెట్ల మీంచి నేను నీళ్లలోకి దిగా, ఆవిడ గట్టు మీద గొడుగు కింద కూచున్నారు. బుడగలన్నీ మెడ వెనకనుంచి పోతాయి కాబట్టి కళ్లకి అడ్డం రావు. నారింజరంగు గారిబాల్డి చేపలు మొహం దాకా వచ్చి చూసిపోయాయి.

పైకొచ్చాక "ఎన్ని నిమిషాలు?" అని అడిగారు.

"ముప్పై ఎనిమిది."

"ఆయన యాభై ఉండేవాడు" అన్నారు, టవలు అందిస్తూ.