కాడి దించిన వేళ...

మేడారం అనగానే ఇప్పుడు మన కళ్లముందు మెదిలేది ఇసకేస్తే రాలని జనం. బస్సుల బారులు, మైకుల హోరు, ఎర్రటి దుమ్ము. కానీ మీ ఇంట్లో డెబ్బై దాటిన అవ్వో తాతో ఉంటే ఒక్కసారి కదిపి చూడండి. గద్దెల దగ్గర తోపులాట గురించి రెండు ముక్కలు చెప్పి, దారిలో గడిపిన సాయంత్రాల దగ్గర ఆగిపోతారు.

వరంగల్ నుంచి మేడారం దాదాపు 100 కిలోమీటర్లు. ఎడ్లబండి మీద మూడు నాలుగు రోజుల ప్రయాణం. బియ్యం, పప్పు, గిన్నెలు, ఎండుగడ్డి, అమ్మవార్లకు మొక్కిన బంగారం (అదేనండీ, బెల్లం), వెనక కట్టేసిన మేక... సగం ఇల్లు బండెక్కేది. ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి కదిలితే ముందున్నదంతా అడవి దారే. పొద్దుగూకేసరికి నీళ్లున్న చోటు చూసి కాడి దించేవారు. మగవాళ్లు ఎడ్లకు నీళ్లు తాపేవారు. ఆడవాళ్లు మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసేవారు. పిల్లలు పుల్లలేరేవారు. తిన్నాక ఎవరికీ ఏ పనీ ఉండేది కాదు. అసలు సంగతి అదే! ఇంటి దగ్గర పొలమో, పాడో, ఏదో ఒకటి పిలుస్తూనే ఉంటుంది. ఇక్కడ బండికి చేరగిలబడి కూచోవడమే. బండి కింద కందిలి, ఎడ్లు నెమరేసే చప్పుడు, టేకాకుల మీద ఏదో నడిచిన అలికిడి.

వెన్నెల సంగతీ చెప్పాలి. జాతర జరిగేది మాఘ పౌర్ణమికి. బండి కట్టింది మొదలు చంద్రుడు రోజురోజుకీ పెరుగుతూ వెంట వచ్చేవాడు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చే బుధవారం, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చే గురువారం నాటికి అడవంతా పిండారబోసినట్టే. కరెంటు లేని రోజుల్లో అంత మంచి తిథికి జాతర పెట్టుకున్న కోయ పెద్దలకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

బస్సులొచ్చాక ఆ సాయంత్రాలు తగ్గిపోయాయి. అలాగని బస్సును తిట్టుకోనక్కర్లేదు. నడవలేని ముసలమ్మలు, చంటిబిడ్డల తల్లులు కూడా అమ్మల దర్శనం చేసుకుంటున్నారంటే దాని చలవే. పట్టుబట్టి బండ్లు కట్టుకొచ్చేవాళ్లూ ఇంకా కొందరున్నారు.

సాయంత్రాలదేముంది, తీరిక చేసుకుంటే మళ్లీ వస్తాయి. చెట్లు అలా రావు. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి-మేడారం అడవిలో 50 వేలకు పైగా చెట్లు కూలిపోయాయి. అక్కడి నేలలో వేళ్లు లోతుకు దిగకపోవడం ఓ కారణమని అటవీ అధికారులన్నారు. అది గాలి చేసిన పని. మరి జాతర జాతరకీ విడిది పందిళ్లకని, పొయ్యిలోకని పచ్చికొమ్మలు నరికేది ఎవరు? మనమే కదా!

జాతర లేని నెలల్లో, సెలవు కాని రోజు చూసుకుని ఒకసారి వెళ్లండి. వానలు వెనకబట్టాకైతే జంపన్నవాగులో నీళ్లుంటాయి. ఒడ్డున కూచుంటే పశువుల మెడగంటలు ఇప్పటికీ వినిపిస్తాయి. తిరుగు బస్సు ఎన్నింటికో మాత్రం దిగగానే కనుక్కోండి.