విద్యుత్ డక్టెడ్ ఫ్యాన్ నమూనా జెట్లు: శక్తి లెక్క, ఎగరవేసే పద్ధతి

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- డక్టెడ్ ఫ్యాన్ అభిబలాన్ని ఎలా కలిగిస్తుందో వివరించగలుగుతారు;
- ఒక పెద్ద నమూనా జెట్‌కు కావలసిన సామర్థ్యాన్ని, విద్యుత్ ప్రవాహాన్ని లెక్కించగలుగుతారు;
- బ్యాటరీలోని శక్తిని బట్టి ఎగిరే కాలాన్ని ముందుగా నిర్ణయించగలుగుతారు;
- మన ప్రాంతపు ఎత్తు, ఎండ, గగనతల నియమాలు ఈ లెక్కను ఎలా మారుస్తాయో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో ఉండేవారికి శిక్షణ విమానాల చప్పుడు కొత్త కాదు. మేడ్చల్‌కు పశ్చిమాన దుండిగల్‌లో వాయుసేన అకాడమీ ఉంది. శామీర్‌పేటకు నైరుతి దిక్కున హకీంపేట వాయుసేన స్థావరం ఉంది. ఆకాశంలో ఆ విమానాలను చూస్తూ పెరిగిన పిల్లల్లో కొందరు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లోనో, ఇంజనీరింగ్ కళాశాలలోనో నమూనా విమానాలు తయారుచేయడం నేర్చుకుంటారు. వారిలో కొద్దిమంది జెట్ ఆకారం గల పెద్ద నమూనాల దాకా వస్తారు.

ఇలాంటి నమూనాల్లో ముక్కు మీద ప్రొపెల్లర్ ఉండదు. విమానం పొట్టలో ఒక గొట్టం, అందులో అనేక రెక్కలున్న ఫ్యాన్, దాన్ని తిప్పే బ్రష్‌లెస్ మోటారు ఉంటాయి. దీనినే విద్యుత్ డక్టెడ్ ఫ్యాన్ అంటారు; వాడుకలో ఈడీఎఫ్. ఈ పాఠంలో మనం 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, 10 కిలోల మొత్తం బరువు ఉన్న ఒక జెట్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

ఈ జెట్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 45 మీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు దాని గతిశక్తి సుమారు 10,000 జౌళ్లు ఉంటుంది. అది 10 కిలోల మూటను 100 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిచినప్పుడు నేల తాకే శక్తికి సమానం. కాబట్టి దీనిని ఆటబొమ్మ అనడానికి లేదు. దీని భద్రతలో ఎక్కువ భాగం గాలిలో చూపే నైపుణ్యంలో కాక, నేల మీద కాగితంపై వేసే శక్తి లెక్కలోనే ఉంది. ఆ లెక్కే ఈ పాఠానికి కేంద్రం.

2. అభిబలం ఎలా పుడుతుంది?

ఫ్యాన్ ముందున్న గాలిని లోపలికి లాగి, వెనుకకు వేగంగా నెడుతుంది. గాలికి ఇచ్చిన ద్రవ్యవేగానికి ప్రతిచర్యగా విమానం ముందుకు నెట్టబడుతుంది. ఇది న్యూటన్ మూడో నియమం. విమానం నిలిచి ఉన్నప్పుడు, నిర్గమ వైశాల్యం ఫ్యాన్ వైశాల్యానికి సమానమనుకుంటే, ఆదర్శ స్థితిలో రెండు సూత్రాలు సరిపోతాయి:

అభిబలం = గాలి సాంద్రత × ఫ్యాన్ వైశాల్యం × నిర్గమ వేగ వర్గం
కావలసిన సామర్థ్యం = అభిబలం × నిర్గమ వేగం ÷ 2

మధ్యలో మోటారు ఆక్రమించే భాగాన్ని తీసివేస్తే 120 మి.మీ. ఫ్యాన్ వైశాల్యం సుమారు 0.0093 చదరపు మీటర్లు. మనకు 8 కిలోగ్రాముల బరువుకు సమానమైన అభిబలం, అంటే 78.5 న్యూటన్లు కావాలనుకుందాం. డిసెంబర్ ఉదయపు గాలి సాంద్రతను ఘనపు మీటరుకు 1.14 కిలోలుగా తీసుకుంటే నిర్గమ వేగం సెకనుకు సుమారు 86 మీటర్లు వస్తుంది. ఆదర్శ సామర్థ్యం సుమారు 3.4 కిలోవాట్లు. మోటారు, స్పీడ్ కంట్రోలర్, ఫ్యాన్, గొట్టం నష్టాలన్నీ కలిపి మొత్తం దక్షత 60 శాతం అనుకుంటే, బ్యాటరీ నుంచి 5.6 కిలోవాట్లు తీసుకోవాలి.

ఇదే అభిబలాన్ని అర మీటరు వ్యాసం గల ప్రొపెల్లర్ ఇందులో మూడో వంతు ఆదర్శ సామర్థ్యంతోనే ఇస్తుంది. కారణం, ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడం కంటే తక్కువ గాలిని వేగంగా నెట్టడం ఎప్పుడూ ఖర్చుతో కూడిన పని. మరి ఫ్యాన్ ఎందుకు? జెట్ ఆకారం చెడకుండా ఉండటం ఒక కారణం. వేగం రెండో కారణం. గాలిని సెకనుకు 86 మీటర్ల వేగంతో నెట్టే యంత్రం, విమానం వేగంగా వెళ్తున్నప్పుడు కూడా అభిబలం ఇవ్వగలదు. నెమ్మదిగా నెట్టే ప్రొపెల్లర్ ఆ వేగం వద్ద చేతులెత్తేస్తుంది.

గొట్టం ఆకారం కూడా ముఖ్యమే. గాలి ప్రవేశించే అంచు గుండ్రంగా ఉండాలి. పదునుగా ఉంటే ప్రవాహం అంచు నుంచి విడిపోయి సుడులు పుడతాయి. గొట్టంలో హఠాత్తుగా వంపులు, మెట్లు ఉండకూడదు. వైర్లు ప్రవాహానికి అడ్డు రాకూడదు. ఫ్యాన్ గాలితో పాటు నేల మీది ఇసుకను, గడ్డిపరకలను కూడా పీలుస్తుంది కనుక ఎగరేసే ముందు దారిని ఊడ్చుకోవడం పనిలో భాగమే.

3. బ్యాటరీ, ప్రవాహం, వేడి

మన జెట్‌లో 6 సెల్స్ ఉన్న రెండు లిథియం పాలిమర్ ప్యాక్‌లను శ్రేణిలో కలిపామనుకుందాం. మొత్తం 12 సెల్స్. నామమాత్రపు వోల్టేజి 44.4. పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు 50.4. ఒక్కో ప్యాక్ ధారణ 6 ఆంపియర్-గంటలు. కాబట్టి మొత్తం శక్తి 44.4 × 6 = 266 వాట్-గంటలు.

పూర్తి థ్రాటిల్‌లో వోల్టేజి 43కు పడిపోయిందనుకుంటే, ప్రవాహం 5,600 ÷ 43 = 130 ఆంపియర్లు. అంటే బ్యాటరీ ధారణకు 22 రెట్లు. ఇంత ప్రవాహం సెల్స్ లోపలి నిరోధం గుండా పోవాలి. 12 సెల్స్‌కు కలిపి నిరోధం 24 మిల్లీ ఓమ్‌లయితే, ప్రవాహ వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 400 వాట్లకు పైగా వేడి బ్యాటరీ లోపలే పుడుతుంది. బ్యాటరీ చుట్టూ గాలి ఆడే దారి ఎందుకు ఉండాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

దీని నుంచి నాలుగు ఆచరణ సూత్రాలు వస్తాయి.

మొదటిది, స్పీడ్ కంట్రోలర్‌ను 130 ఆంపియర్లకు సరిగ్గా సరిపోయేలా కొనకూడదు; 160 నుంచి 200 ఆంపియర్ల రకం తీసుకోవాలి. రెండోది, 50 వోల్టుల ప్యాక్‌ను కలిపేటప్పుడు కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండి నిప్పురవ్వ వస్తుంది; అందుకు యాంటీ స్పార్క్ కనెక్టర్ వాడాలి. మూడోది, రిసీవర్‌కు, సర్వోలకు విడిగా చిన్న బ్యాటరీ ఉండాలి. పెద్ద బ్యాటరీ నీరసించినా చుక్కాని చేతిలోనే ఉంటుంది. నాలుగోది, ప్యాక్‌ను 80 శాతానికి మించి ఖాళీ చేయకూడదు. ఉబ్బిన, దెబ్బతిన్న ప్యాక్‌ను మళ్లీ ఛార్జ్ చేయకూడదు. మే నెల ఎండలో మూసిన కారు డిక్కీలో బ్యాటరీలు ఉంచడం మంటను ఆహ్వానించడమే.

4. శక్తి పద్దు

80 శాతం నియమం ప్రకారం మనకు వాడుకోవడానికి ఉన్నది 213 వాట్-గంటలు. ఎప్పుడూ పూర్తి థ్రాటిల్‌లో ఉంచితే అది రెండుంపావు నిమిషాలకే అయిపోతుంది. అయితే థ్రాటిల్ తగ్గిస్తే ఖర్చు వేగంగా తగ్గుతుంది. అభిబలాన్ని సగం చేస్తే సామర్థ్యం సగం కాదు, సుమారు 35 శాతానికి పడిపోతుంది. అంటే 5.6 కిలోవాట్లు కాస్తా 2 కిలోవాట్లు అవుతుంది. ఇప్పుడు ఇంటి ఖర్చుల పద్దులాగే ఒక ఎగురుడు పద్దు రాద్దాం:

- టేకాఫ్, పైకి ఎక్కడం: పూర్తి థ్రాటిల్, 20 సెకన్లు, 31 వాట్-గంటలు
- మామూలు చుట్లు: సగం అభిబలం, 150 సెకన్లు, 83 వాట్-గంటలు
- వేగపు పరుగులు, లూప్‌లు: పూర్తి థ్రాటిల్, 30 సెకన్లు, 47 వాట్-గంటలు
- దిగడం: 1.2 కిలోవాట్లు, 40 సెకన్లు, 13 వాట్-గంటలు

మొత్తం నాలుగు నిమిషాలు, 174 వాట్-గంటలు. మిగులు 39. ఈ మిగులు దేనికి? మొదటిసారి దిగడం కుదరకపోతే మళ్లీ పైకి లేచి, ఒక చుట్టు తిరిగి రావడానికి. 10 సెకన్లు పూర్తి థ్రాటిల్, 30 సెకన్లు సగం అభిబలం వేసుకుంటే దానికి 32 వాట్-గంటలు పడుతుంది. అంటే మనకు రెండో అవకాశం ఒక్కటే ఉంది; మూడోది లేదు. అందువల్ల ట్రాన్స్‌మిటర్‌లోని టైమర్ నాలుగు నిమిషాలకు కాదు, దిగడం మొదలుపెట్టవలసిన 3 నిమిషాల 20 సెకన్లకు మోగాలి. టైమర్ మోగాక "ఇంకొక్క చుట్టు" అనేది ఉండదు.

5. మన ఎత్తు, మన ఎండ

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల ప్రామాణిక గాలి సాంద్రత 1.225. మన దగ్గర అదే 15 డిగ్రీల డిసెంబర్ ఉదయాన అది 1.14. మే నెలలో 40 డిగ్రీల మధ్యాహ్నం 1.05. డిసెంబర్ కంటే ఇది 8 శాతం తక్కువ.

ఫ్యాన్ అదే వేగంతో తిరిగినా అభిబలం 8 కిలోల నుంచి సుమారు 7.4కు తగ్గుతుంది. పలుచని గాలిలో రెక్కలకు అదే ఉత్థాపక బలం రావాలంటే విమానం 4 శాతం వేగంగా పోవాలి. ఒకవైపు తోపు తగ్గింది, మరోవైపు చేరవలసిన వేగం పెరిగింది. రెండూ కలిసి టేకాఫ్ పరుగును సుమారు ఐదో వంతు పెంచుతాయి. డిసెంబర్‌లో 80 మీటర్లు చాలిన చోట మేలో 95 మీటర్లకు పైగా కావాలి.

పద్దు కూడా మారుతుంది. అదే పనికి సుమారు 4 శాతం ఎక్కువ శక్తి పడుతుంది కనుక 174 కాస్తా 181 అవుతుంది. రెండో ప్రయత్నానికి 33 కలిపితే 214. మన దగ్గర ఉన్నది 213. అంటే డిసెంబర్‌లో సురక్షితంగా సాగిన కార్యక్రమమే మే నెలలో రెండో అవకాశాన్ని మింగేస్తుంది. విమానం మారలేదు, బ్యాటరీ మారలేదు, చేయి మారలేదు, గాలి మారింది. పరిష్కారం సులభం: వేగపు పరుగులను 30 నుంచి 20 సెకన్లకు తగ్గిస్తే 15 వాట్-గంటలకు పైగా తిరిగి వస్తాయి. వేసవిలో ఉదయమే ఎగరేయడం ఇంకా మంచిది.

చలికాలానికీ ఒక మెలిక ఉంది. చల్లబడిన సెల్స్‌లో నిరోధం పెరిగి వోల్టేజి ఎక్కువగా పడిపోతుంది. కాబట్టి డిసెంబర్ ఉదయాన బ్యాటరీలను గోరువెచ్చగా ఉంచి తీసుకురావాలి.

6. దిగేటప్పుడు

ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ పెంచగానే గాలి తోక మీదుగా వీచి చుక్కానులకు పట్టు వస్తుంది. డక్టెడ్ ఫ్యాన్ గాలి గొట్టంలోంచి నేరుగా వెనుకకు పోతుంది. తోకకు ఆ సాయం ఉండదు. పైగా ఫ్యాన్ పూర్తి వేగం అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి నెమ్మదించిన జెట్‌ను థ్రాటిల్‌తో కాపాడదామనుకుంటే ఆలస్యమైపోతుంది.

మన జెట్ రెక్కల వైశాల్యం 0.7 చదరపు మీటర్లు, గరిష్ఠ ఉత్థాపక గుణకం 1 అనుకుంటే, మే నెలలో స్టాల్ వేగం సెకనుకు 16 మీటర్ల పైన ఉంటుంది. దానికి 1.3 రెట్లు, అంటే గంటకు సుమారు 76 కిలోమీటర్ల వేగంతో, కొంత థ్రాటిల్ ఉంచుకొని, గాలికి ఎదురుగా దిగాలి. మళ్లీ పైకి లేవాలంటే ఆ నిర్ణయం ఎత్తు, వేగం చేతిలో ఉండగానే తీసుకోవాలి.

7. ఎక్కడ ఎగరేయాలి?

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 25న ప్రకటించిన డ్రోన్ నియమాలు, విద్య, పరిశోధన, పరీక్ష, వినోదం వంటి అవసరాలకు కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు యంత్రాలను నమూనా విమానాలుగా గుర్తించాయి. గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయ సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. పసుపులో గగనతల నియంత్రణ అధికారుల అనుమతి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

మన ప్రాంతానికి ఇది కీలకం. మేడ్చల్ నుంచి దుండిగల్, శామీర్‌పేట నుంచి హకీంపేట, రెండూ నేరుగా కొలిస్తే 12 కిలోమీటర్ల లోపే. ఖాళీగా కనిపించే పొలం మీద ఆకాశం ఖాళీగా ఉందని అనుకోరాదు. శిక్షణలో ఉన్న యువ పైలట్ తక్కువ ఎత్తులో ఎదుర్కొనే 10 కిలోల వస్తువు ప్రాణాంతకం. కాబట్టి ఎగరేసే రోజునే డిజిటల్ స్కై గగనతల పటంలో ఆ స్థలం రంగు చూడాలి. బరువును బట్టి వర్తించే రిజిస్ట్రేషన్, పైలట్ ధ్రువపత్రం నిబంధనలు చదువుకోవాలి. స్థల యజమాని అనుమతి తీసుకోవాలి. నాగ్‌పూర్ హైవే, రాజీవ్ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు, హైటెన్షన్ తీగలు, ఇళ్ల వైపు చుట్టు తిరగకూడదు. సిగ్నల్ తెగితే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ అమర్చి, నేల మీదే పరీక్షించాలి.

8. సారాంశం

చిన్న వైశాల్యం గుండా గాలిని వేగంగా నెట్టడం వల్ల డక్టెడ్ ఫ్యాన్‌కు సామర్థ్యం ఎక్కువ కావాలి. బ్యాటరీ శక్తి పరిమితం కనుక ఎగిరే కాలం నిమిషాల్లోనే ఉంటుంది. రెండో ప్రయత్నానికి శక్తి మిగిల్చిన తరువాతే మిగతా విన్యాసాలకు ఖర్చు రాయాలి. ఎత్తు, ఎండ ఈ పద్దును మారుస్తాయి కాబట్టి రుతువు మారినప్పుడల్లా లెక్క మళ్లీ వేయాలి.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అదే జెట్‌లో 6కు బదులు 5 ఆంపియర్-గంటల ప్యాక్‌లు వాడితే, నాలుగో భాగంలోని డిసెంబర్ కార్యక్రమం సురక్షితమేనా?
2. డక్టెడ్ ఫ్యాన్ జెట్ దిగేటప్పుడు కొంత థ్రాటిల్ ఎందుకు ఉంచుకోవాలి?
3. మీ ఊరి ఎత్తు, మే నెల ఉష్ణోగ్రత తెలుసుకొని అక్కడి గాలి సాంద్రతను లెక్కించండి. టేకాఫ్ పరుగు ఎలా మారుతుందో రాయండి.

మొదటి ప్రశ్నకు జవాబు: 44.4 × 5 = 222; అందులో 80 శాతం 178 వాట్-గంటలు. కార్యక్రమానికే 174 పోతుంది. మిగిలేది 4 మాత్రమే. రెండో ప్రయత్నానికి 32 కావాలి. కాబట్టి సురక్షితం కాదు. వేగపు పరుగులను పూర్తిగా మానేస్తే 47 వాట్-గంటలు మిగిలి, రెండో ప్రయత్నానికి సరిపోతాయి.