కొత్త తాళపుచెవికి కారు ఏల కదలదు?

పోయినదానికి బదులుగా, పండ్లన్నియు సరిపోవునట్లు కోయించిన తాళపుచెవి కారు తలుపు తెఱచును, తాళమును త్రిప్పును. కాని ఇంజను మాత్రము పనిచేయదు. ఏలయనగా, అసలు తాళపుచెవి పిడిలో బియ్యపుగింజవంటి చిప్పు దాగియుండును. దానికి బ్యాటరీ అక్కఱలేదు. తాళము చుట్టునున్న తీగచుట్ట కల్పించు, సాధారణముగా 125 కిలోహెర్ట్జ్‌ల, అయస్కాంతక్షేత్రమునుండియే అది శక్తిని గ్రహించి, నేటి కార్లలో ప్రతిసారియు క్రొత్తగా వచ్చు ప్రశ్నకు తనలోని రహస్యసంఖ్యతో గణించి ప్రత్యుత్తరమిచ్చును. ఎంత మనోహరమైన యుక్తి! ఆ సంఖ్య బయటికి రాదు గనుక, దొంగ నిన్నటి జవాబును పొంచి పట్టుకొన్నను నేడది చెల్లదు. జవాబు తప్పినచో, కారులోని కావలి పరికరమైన ఇమ్మొబిలైజరు ఇంధనమునో, నిప్పురవ్వనో నిరోధించును. కావున తాళముల పనివాడు స్టీరింగు క్రిందనున్న సాకెట్టునకు తన పరికరమును తగిల్చి, చాల కార్లలో రహస్యమైన పిన్ సంఖ్యను కూడ ఇచ్చి, కొత్త చిప్పును కారు మెమరీలో నమోదు చేయును. పోయిన తాళపుచెవి ఎవరికైన దొరకవచ్చును గనుక, దాని పేరును అప్పుడే అందుండి తుడిచివేయవలెను.