మూగ సాక్షులు – నేరవిచారణ

మనుష్య సాక్షి మరచును, భయపడును, ఒక్కొక్కప్పుడు అమ్ముడుపోవును. నెత్తుటి మరకకును, వెండ్రుకకును, వ్రేలిముద్రకును ఈ దౌర్బల్యములు లేవు. కాని యవి తమంత తాము పలుకజాలవు. వానిని పలికించువాడు శాస్త్రజ్ఞుడు. నేరస్థలమున దొరకిన వస్తువులను పరీక్షించి వాని వృత్తాంతమును న్యాయస్థానమునకు నివేదించు ఈ విద్యను ఫోరెన్సిక్ శాస్త్రమందురు. స్వతంత్ర దేశమున ఈ శాస్త్రము పోలీసుల పక్షమున నిలువవలయునా, సత్యము పక్షమున నిలువవలయునా యనునది నేడు మనము తేల్చుకొనవలసిన విషయము.

ఈ విద్య మన దేశమునకు క్రొత్త కాదు. 1849లోనే మద్రాసున రసాయనిక పరీక్షకుని ప్రయోగశాల వెలసెను. విషప్రయోగము జరిగినదని అనుమానము కలిగినచోట మృతుని అవయవములను పరీక్షించుట అట్టి ప్రయోగశాలల ముఖ్యకార్యము. 1858లో వంగరాష్ట్రమున విలియం హెర్షెల్ అను ఆంగ్లోద్యోగి ఒక గుత్తేదారుచే ఒడంబడికపై అరచేతి ముద్ర వేయించెను. 1897లో కలకత్తాయందు వ్రేలిముద్రల కార్యాలయము నెలకొల్పబడెను. ప్రపంచమున అట్టివానిలో అదియే మొదటిది. ముద్రలను 1024 తరగతులుగా విభజించి, కావలసినదానిని సులభముగా వెదకితీయు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను దేశీయోద్యోగుల ప్రతిభ విశేషముగా కలదు. అయినను ఆ పద్ధతి వారి పై యధికారి ఎడ్వర్డు హెన్రీ పేరనే లోకమున ప్రసిద్ధమయ్యెను. బుద్ధి దేశీయునిది, పేరు దొరవారిది!

పాలకులు ఈ సాధనమును న్యాయమునకు మాత్రమే వినియోగించిరని చెప్పుటకు వీలు లేదు. 1911నాటి నేరజాతుల చట్టము ప్రకారము పట్టికలోనికెక్కిన మనుజుని వ్రేలిముద్రలను, అతడు ఏ నేరమును చేయకున్నను, పోలీసువారు తీసికొనవచ్చును. మన యెరుకలవారు ఆ అవమానము ననుభవించిరి. ఆ చట్టము దేశమంతట రద్దగుటకు 1952వ సంవత్సరము రావలసివచ్చెను. వ్రేలిముద్రలో దోషము లేదు. దానిని చేతబట్టిన రాజ్యము ఉద్దేశములోనే దోషము కలదు.

శాస్త్రమునకుగల మేర యెంతయో చూపు వ్యాజ్యెమొకటి 1898లో జల్పాయిగురి జిల్లాలో జరిగెను. తేయాకు తోట మేనేజరొకడు హత్యచేయబడెను. అతని పెట్టెలో దొరకిన పంచాంగముపై నెత్తుటి వ్రేలిముద్ర యుండెను. అది అంతకుముందు శిక్షపడిన ఒక సేవకుని ముద్రతో సరిపోయెను. న్యాయస్థానము అతనిపై చోరీని స్థిరపరచెను. హత్యానేరమునుండి మాత్రము విడుదల చేసెను. ఈ చేయి ఇచటికి వచ్చినదని ముద్ర చెప్పగలదు. ఈ చేయియే చంపినదని చెప్పజాలదు. 1872నాటి సాక్ష్య చట్టము నిపుణుని మాటను అభిప్రాయమనియే పేర్కొనెను. 1899లో వ్రేలిముద్రలు దానియందు చేర్చబడినప్పుడును, 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము దాని స్థానమున అమలులోనికి వచ్చినప్పుడును ఆ సూత్రము మారలేదు. నిపుణుడు చెప్పును, తీర్పు న్యాయాధిపతిది.

నేడు ఈ శాస్త్రమునకు మన తెలుగుగడ్డయే ఒక ప్రధాన పీఠము. 1988లో హైదరాబాదులోని సీసీఎంబీయందు లాల్జీ సింగు ప్రభృతులు డీఎన్‌ఏ ముద్రల పద్ధతిని స్వయముగా సాధించిరి. అనంతరము కేరళలోని తలశ్శేరి న్యాయస్థానమున ఒక బిడ్డ పితృత్వ వివాదము దాని సాయముననే పరిష్కృతమయ్యెను. 2024లో అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు లేదా అంతకు మించిన శిక్షగల నేరములందు నిపుణుడే నేరస్థలమునకు పోయి ఆధారములను సేకరింపవలయునని విధించినది. రాష్ట్రములకు అయిదేండ్ల గడువొసగబడినది. ఇది హర్షణీయము.

కాని చట్టములో వ్రాసినంత మాత్రమున న్యాయము సిద్ధింపదు. సీసాపై సీలు సడలినను, నమూనా ఎవరి చేతులు మారెనో లెక్క లేకున్నను, ఎంత గొప్ప పరీక్షయైనను వ్యర్థమే. నివేదిక రాక ముద్దాయి చెరలో మ్రగ్గుచుండిన, ఆ యాలస్యమే ఒక శిక్ష. పెక్కు రాష్ట్రములలో ప్రయోగశాలలు పోలీసులను పాలించు హోంశాఖ క్రిందనే యున్నవి. వాదియొక్క ఇంట వసించు సాక్షిని లోకము శంకింపకుండునా? ప్రయోగశాలలకు స్వతంత్ర ప్రతిపత్తి నొసగవలయును. నిపుణులను వలసినంతమందిని నియమింపవలయును. బీద ముద్దాయికిని తన పక్షమున నిపుణుని నిలుపుకొను సౌకర్యము ప్రభుత్వమే కల్పింపవలయును.

ముద్దాయి సమ్మతి లేనిదే మత్తుమందిచ్చి నిజము రాబట్టు పరీక్షలు చేయరాదని 2010లో సుప్రీంకోర్టు శాసించినది. మనుజుని మనస్సును బలాత్కరించుట శాస్త్రము కాదని దాని భావము. దోషిని పట్టించుటయెంత ముఖ్యమో నిర్దోషిని విడిపించుటయు నంతే ముఖ్యమని గుర్తించిన నాడే ఈ విద్య పరపాలన వాసనను వదలి ప్రజల సొత్తగును.