ఒక్కపొద్దు నాటి ఏడు చేపల విందు

న్యూయార్క్, ఫిలడెల్ఫియా, ప్రావిడెన్స్, బోస్టన్ నగరాల్లో ఇటలీ మూలాలున్న కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పేటల్లో, డిసెంబరు 24 సాయంత్రం చాలా రెస్టారెంట్లు తమ మామూలు మెనూను పక్కనపెట్టి, చేపలు, రొయ్యలు, ఆల్చిప్పలు తప్ప మరే మాంసమూ కనిపించని ప్రత్యేక భోజనాన్ని వడ్డిస్తాయి. ‘ఏడు చేపల విందు’గా అమెరికాలో పేరుపడిన ఈ భోజనం క్రిస్మస్ ముందురాత్రికే ప్రత్యేకం. ఆ పేటవాసులకు ఏడాదిలో ఇంతకు మించిన పండుగ భోజనం లేదనవచ్చు గాని, పుట్టుకను బట్టి చూస్తే ఇది విందు కాదు, ఒక ఉపవాస నియమం.

క్యాథలిక్కులు పెద్ద పండుగకు ముందురోజును ‘విజిలియా’ అంటారు. జాగరణ, ప్రార్థన, ఆహార నియమం కలిసిన దినమది. ఆనాడు మాంసం ముట్టకూడదన్న కట్టుబాటు శతాబ్దాలుగా ఉన్నదే కాగా, 1917 నాటి చర్చి ధర్మశాస్త్ర సంహిత ఉపవాసం పాటించవలసిన దినాల్లో క్రిస్మస్ ముందురోజును కూడా చేర్చింది. చేప మాత్రం మాంసం లెక్కలోకి రాదు గనుక భక్తులకు ఆ ఒక్క దారి మిగిలింది, ఆ దారి క్రమంగా రాజమార్గమైంది. ఏకాదశి ఉపవాసం పేరిట పెట్టే ఫలహారం ఒక్కోసారి భోజనాన్నే మించిపోవడం ఎరిగిన తెలుగువారికి ఈ పరిణామం వింతగా తోచదు. 1966లో ఆరవ పాల్ పోపు ఉపవాస నియమాలను సవరించినప్పుడు ఈ రోజుకు సంబంధించిన నిర్బంధం తొలగిపోయింది, అయినా చేపల పళ్లేలు బల్లమీద నుంచి కదలలేదు. నియమం పోయాక ఆచారం మరింత బలపడడం భోజనాల చరిత్రలో తరచుగా జరిగేదే.

ఈ ఆచారానికి మూలం దక్షిణ ఇటలీ. నేపుల్స్ ప్రాంతంలో క్రిస్మస్ ముందురాత్రి ‘కపితోనే’ అనే పెద్ద ఆడ మలుగుచేపను ముక్కలు కోసి వేయించడం, ఉడికించిన కాలీఫ్లవర్‌లో ఆలివ్‌లు, ఆంచోవీ అనే ఉప్పులో ఊరిన చిన్న చేపలు, ఊరబెట్టిన మిరపకాయలు కలిపి చల్లని సలాడ్ చేయడం పాత అలవాట్లు. తాజా చేప దొరకని లోతట్టు ఊళ్లకు, కొనే స్తోమత లేని ఇళ్లకు ‘బక్కలా’ దిక్కైంది. ఇది ఉప్పు పట్టించి ఆరబెట్టిన కాడ్ చేప. మధ్యధరా సముద్రంలో కాడ్ దొరకదు కాబట్టి, ఉత్తర అట్లాంటిక్ జలాల్లో పట్టి నిలవచేసిన సరుకు ఓడల మీద ఇటలీ రేవులకు చేరేది. ఉప్పుచేప ఎరిగిన కోస్తా తెలుగువారు దీన్ని చూడగానే పోల్చుకోగలరు గాని, వండే పద్ధతిలో తేడా ఉంది: చేపను రెండు మూడు రోజులు చన్నీళ్లలో నానబెట్టి, రోజుకు పలుమార్లు నీళ్లు మార్చి, ఉప్పు దాదాపుగా విరిగాకే పిండి అద్ది నూనెలో వేయిస్తారు, లేదా టమాటా, ఆలివ్‌లు, కేపర్ మొగ్గలతో కలిపి ఉడికిస్తారు.

1880 నుంచి 1920 వరకు 40 లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికాకు చేరారు, వారిలో అత్యధికులు కంపానియా, కలాబ్రియా, సిసిలీ వంటి దక్షిణ ప్రాంతాల నిరుపేదలు. స్వదేశంలో మాంసాన్ని పండుగలకు మాత్రమే చూసిన ఈ కుటుంబాలకు అమెరికా కూలి డబ్బులు, అక్కడి చవకైన గొడ్డు మాంసం, డబ్బా టమాటాలు కొత్త వంటను నేర్పాయి. స్పగెట్టి మీద పెద్ద మాంసపు ఉండలు, చీజ్ కప్పిన కోడిమాంసం, గంటల తరబడి ఉడికిన ఎర్రని టమాటా సాస్ ఆ సమృద్ధిలోంచి వచ్చినవే. తిండి విషయంలో ఈ వలసదారులు చేసింది స్వదేశపు వంటను యథాతథంగా కాపాడుకోవడం కాదని, అక్కడ భూస్వాములు తినగా చూసినదాన్ని ఇక్కడ తాము తినడమని చరిత్రకారిణి హేసియా డైనర్ 2001లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. ఉపవాసపు రాత్రి సైతం ఈ సమృద్ధికి లొంగిపోయింది: ఒకటి రెండు చేపలతో సరిపెట్టుకున్న ఇంట ఏడు చేరాయి.

పేటలోని రెస్టారెంటు మొదట ఎవరో ఒక గృహిణి వంటగదే. కుటుంబాన్ని ఊళ్లోనే వదిలి ఒంటరిగా వచ్చిన కూలీలకు డబ్బు తీసుకుని భోజనం పెట్టిన ఇళ్లలో కొన్ని క్రమంగా హోటళ్లయ్యాయి. 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధ కాలంలో ఇంట్లో పులియబెట్టిన ద్రాక్ష సారాయిని కాఫీ కప్పుల్లో పోసి ఇచ్చిన చోటుకు ఇతర అమెరికన్లూ దారి కనుక్కున్నారు, వెల్లుల్లి వాసనకు ముఖం చిట్లించినవారు సైతం అందులో చేరారు. ఎర్ర తెలుపు గళ్ల బల్లగుడ్డ, గడ్డితో అల్లిన తొడుగున్న కియాంటి సీసాలో గుచ్చిన కొవ్వొత్తి క్రమంగా ఈ హోటళ్లకు గుర్తులైనాయి. న్యూయార్క్ ఈస్ట్ హార్లెంలో 1896 నుంచి నడుస్తున్న ‘రావోస్’లో బల్లలు పట్టుమని పది, అవి కూడా ఏళ్ల తరబడి వస్తున్న ఆస్థాన అతిథులకే దాదాపుగా చెంది ఉంటాయి. పేట హోటల్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

పండుగరాత్రి భోజనం వరసలవారీగా సాగుతుంది. ముందుగా వచ్చే చిరుతిండి వరసను ‘అంతిపాస్తో’ అంటారు. అందులో వలయాలుగా కోసి కరకరలాడేలా వేయించిన స్క్విడ్, నిమ్మరసం పిండిన ఆక్టోపస్ సలాడ్, పెద్ద సముద్రపు నత్త ముక్కలు వస్తాయి. తరువాతి వరస ‘ప్రీమో’, అంటే పాస్తాది. ఇందులో ఆల్చిప్పలతో చేసే లింగ్విని ఈ రాత్రికి తప్పనిసరి. చిప్పలను ఉప్పునీటిలో ఉంచి ఇసుకను కక్కించి, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప కాస్త వేగాక చిప్పలను అందులో వేసి, తెల్ల ద్రాక్ష సారాయి పోసి మూతపెడితే కొద్ది నిమిషాల్లో నోళ్లు విప్పుతాయి. విప్పనివాటిని పారేయడం రివాజు. రెండు నిమిషాలు తక్కువగా ఉడికించిన పాస్తాను ఆ రసంలోకే దించి తిప్పితే, పాస్తాలోని పిండిపదార్థం నూనెనూ రసాన్నీ కలిపి చిక్కబరుస్తుంది. మీగడ అవసరమే రాదు. దీని మీద తురిమిన చీజ్ చల్లమని అడిగితే పాతకాలపు వడ్డనదారు మొహం మారిపోతుంది, ఎందుకంటే చేపకూ చీజ్‌కూ పొత్తు కుదరదని ఇటాలియన్ వంటలో గట్టి నమ్మకం. దానికి బదులు నూనెలో వేయించిన రొట్టెపొడి చల్లుతారు. పేదవాడి చీజ్‌గా మొదలైన ఈ పొడి రుచిలో ఏమాత్రం తక్కువది కాదు. ఆపైన బక్కలా, మిరప ఘాటుతో ఎర్రగా ఉండే లాబ్‌స్టర్ వంటకం, చివరకు తేనెలో పొర్లించిన ‘స్త్రుఫోలి’ అనే గోళీలంత పిండి ఉండలు వస్తాయి.

ఏడు అనే అంకెకు కారణాలు చాలానే చెబుతారు. క్యాథలిక్ చర్చి సంస్కారాలు ఏడు, సృష్టి కథలోని దినాలు ఏడు, రోము నగరపు కొండలు ఏడు. ఇవన్నీ అంకె స్థిరపడ్డాక వెతికి తెచ్చిన సమర్థనల్లాగే కనిపిస్తాయి, ఎందుకంటే తొమ్మిది, పదకొండు, పదమూడు వంటకాలు చేసే కుటుంబాలూ ఉన్నాయి. కొన్ని హోటళ్లు నాలుగు పళ్లేలే వడ్డించి, ఒక్క చేపల పులుసులోనే మూడు నాలుగు రకాలు వేసి లెక్క సరిచేస్తాయి. ఏ దేశపు పండుగలోనైనా ఇలాంటి గణితానికి మన్నింపు ఉంటుంది. ఇంట్లో చేసుకోవలసిన ఈ విందు హోటలుకు తరలడానికి కారణాలు వెతకనక్కర్లేదు. రోజుల తరబడి నానే ఉప్పుచేప, శుభ్రం చేయవలసిన స్క్విడ్, ఇల్లంతా పట్టే వేపుడు వాసన, వీటన్నిటికీ ఒకప్పుడు అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు ఉండేవారు. వారి మనవరాళ్లు ఉద్యోగాలకు వెళ్తున్నారు.

ఇటాలియన్ల సంతతి దండిగా ఉన్న న్యూజెర్సీలోనే ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడ్డాయి. పేట ఇటాలియన్ హోటల్ గడప తొక్కే తెలుగు కుటుంబాలూ అక్కడ ఉన్నాయి. శాకాహారులు మాత్రం కొంత జాగ్రత్త వహించాలి. ‘మరినారా’ పేరులో సముద్రం ధ్వనించినా అది మామూలుగా టమాటా, వెల్లుల్లి, మూలికలతో చేసే సాసే, చేప ఉండదు. నిరపాయంగా కనిపించే సీజర్ సలాడ్‌లో మాత్రం ఆంచోవీ చేప, కూరగాయల సూప్‌లో తరచు మాంసపు రసం ఉంటాయి. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌ను దూడ పొట్టనుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు గనుక, వంకాయ పార్మిజానా సైతం కచ్చితమైన శాకాహారం కాదు.

ఇటలీకి వెళ్లి ఏడు చేపల విందు ఎక్కడని అడిగితే చాలామందికి అర్థం కాదు. ముందురాత్రి చేపలు తినడం వారికి తెలుసు, లెక్కపెట్టడమే తెలియదు. పైగా క్రిస్మస్ భోజనం అక్కడ ఇంటిదే. స్నేహితులతో హోటలుకు వెళ్లే పండుగరాత్రి డిసెంబరు 31, దాన్ని సాన్ సిల్వెస్త్రో విందు అంటారు. ముందే ధర కట్టిన ఆ భోజనంలో ‘కొతెకీనో’ అనే లావుపాటి పంది సాసేజ్‌ను ఉడికించిన మసూర్ గింజలతో వడ్డిస్తారు. గుండ్రంగా, పలచగా ఉండే ఆ గింజలు నాణేలను తలపిస్తాయి. ఎంత ఎక్కువ తింటే కొత్త ఏడాదిలో అంత డబ్బు చేరుతుందని నమ్మకం గనుక, అప్పటికే నాలుగు వరసలు ముగించి నడుంపట్టీ వదులు చేసుకున్నవారు సైతం రెండు చెంచాలైనా వేయించుకుంటారు.