పొత్తు వేరు, పూచీ వేరు

ఉత్తర అట్లాంటిక్ పేరు పెట్టుకున్న నాటో సైనిక కూటమికి గల్ఫ్ తీరంలో పనేమిటి? కడప, రాయచోటి ప్రాంతాల నుండి బిడ్డలను కువైత్‌కు పంపిన కుటుంబాలకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

2004 జూన్‌లో ఇస్తాంబుల్ శిఖరాగ్ర సభలో నాటో గల్ఫ్ దేశాలను భద్రతా సహకారానికి ఆహ్వానించింది. కువైత్ ముందుగా చేరగా ఖతర్, బహ్రెయిన్, యు.ఎ.ఇ. అనుసరించాయి. సౌదీ అరేబియా, ఒమాన్ చేరలేదు. 2011లో లిబియాపై నాటో జరిపిన సైనిక చర్యలో ఖతర్, యు.ఎ.ఇ. యుద్ధవిమానాలు పాల్గొన్నాయి. 2017లో కువైత్‌లో నాటో ప్రాంతీయ కేంద్రమే వెలిసింది.

మరి ప్రతిఫలంగా ఆ దేశాలకు లభించినదేమిటి? శిక్షణ, సంప్రదింపులు, సమాచార మార్పిడి. ఒక సభ్యదేశంపై దాడిని అందరిపై దాడిగా పరిగణించే 1949 నాటి ఒడంబడికలోని ఐదవ అధికరణం మాత్రం సభ్యులకే పరిమితం. గల్ఫ్‌లో పనిచేసిన ప్రతివారికీ 'కఫీల్' అనే మాట తెలుసు. పూచీ వహించేవాడని దాని అర్థం. మేము గ్రహించినంతవరకు నాటో ఆ దేశాలకు షరీక్, అనగా భాగస్వామి మాత్రమే, కఫీల్ కాదు.

2025 జూన్‌లో ఖతర్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. సెప్టెంబరులో ఇజ్రాయెల్ ఏకంగా దోహా నగరంపైనే దాడి చేసింది. ఇరవై ఏళ్ల భాగస్వామి అయిన ఖతర్‌కు ఆ రెండుసార్లూ ఐదవ అధికరణం వర్తించలేదు.