ఉరుకుంద హోటల్ లెక్క: శ్రావణం సంపాదన, సుగ్గి ఉద్దెర

ఫజర్ వేళ ఇంకా కానేలేదు. ఉరుకుందలో హోటల్ పొయ్యి అప్పటికే వెలిగి ఉంటుంది. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద నూనె. లోపల భార్య ఉల్లిగడ్డలు తరుగుతుంటుంది, బయట భర్త బెంచీలు తుడుస్తుంటాడు. తొలి బస్సు వచ్చేసరికి టీ సిద్ధంగా ఉండాలి. రాత్రి గిన్నెలు కడిగి, తలుపు మూసి, గల్లాపెట్టె లెక్క చూసుకునేసరికి తొమ్మిది దాటుతుంది.

పల్లెటూరి హోటల్ అంటే గదులు, మంచాలు ఉండే లాడ్జి కాదు. నాలుగు బెంచీలు, ఒక బోండాల బాణలి, ఒక టీ పొయ్యి. పెట్టుబడి తక్కువ, చదువు అడగరు, రోజూ చేతికి డబ్బు వస్తుంది. అందుకే రాయలసీమలో ఎన్నో ముస్లిం కుటుంబాలు ఈ పనిలోకి వచ్చాయి. కానీ ఈ ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "రోజూ గల్లా నిండుతుంది, నెలాఖరుకు చూస్తే చేతిలో ఏమీ ఉండదు." ఆ డబ్బు ఎక్కడికి పోతుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

ఊరిది ఒక క్యాలెండర్, హోటల్‌ది ఇంకొకటి

ఉరుకుంద కర్నూలు జిల్లా కౌతాళం మండలంలోని ఊరు. ఈరన్న స్వామి గుడితో దానికి పేరొచ్చింది. శ్రావణ మాసంలో, ముఖ్యంగా సోమ, గురువారాల్లో, కర్నూలు జిల్లా నుంచే కాకుండా కర్ణాటక వైపు నుంచి కూడా జనం విరగబడి వస్తారు. చాలామంది కుటుంబాలతో వచ్చి అక్కడే వంట చేసుకుని, భక్ష్యాలు నైవేద్యం పెడతారు. కాబట్టి జనం లక్షల్లో వచ్చినా అందరూ హోటల్‌లో భోంచేస్తారని అనుకోకూడదు. హోటల్‌కు వచ్చే గిరాకీ ఎక్కువగా పొద్దుటి టిఫిన్, బజ్జీలు, టీ. పిల్లలకు పాలు, వేడినీళ్ళు అడిగేవాళ్ళూ ఉంటారు.

శ్రావణం అయిపోయాక ఊరు మళ్ళీ మామూలే. ఇక మిగిలేది ఊరివాళ్ళు, పొలం కూలీలు, అమావాస్యకు వచ్చే భక్తులు. పత్తి కాలంలో ఆదోని మార్కెట్‌కు పోయే బండ్ల వాళ్ళు. దీపావళి దాటాక ఇంకో మార్పు వస్తుంది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. ఇళ్ళకు తాళాలు పడతాయి, ముసలివాళ్ళు మిగులుతారు. అప్పుడు హోటల్ బెంచీలు ఖాళీ.

ముస్లిం హోటలాయనకు మూడో కాలం ఒకటుంది, రంజాన్. రోజా ఉండి బజ్జీలు వేయాలి, ఉప్పు చూడటానికి కుదరదు. పైగా రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. శ్రావణం మాత్రం అధికమాసం లెక్కతో జూలై, ఆగస్టుల దగ్గరే నిలబడుతుంది. 2012లో ఈ రెండు నెలలూ దాదాపు ఒకే రోజున మొదలయ్యాయి. ఏడాది మొత్తంలో గిరాకీ ఎక్కువ ఉండే నెల, రోజాల నెల ఒకటేనన్నమాట. మళ్ళీ అలా కలవడానికి ముప్పై ఏళ్ళు పైనే పడుతుంది.

ఉగ్గానే ఎందుకు?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పొద్దున్నే ఏ హోటల్‌కు పోయినా ముందు కనిపించేది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. రుచి సంగతి అందరికీ తెలుసు. వ్యాపారం సంగతి మాత్రం హోటలాయనకే తెలుసు.

ఇడ్లీ, దోసెల పిండి ముందురోజే రుబ్బిపెట్టాలి. గిరాకీ రాకపోతే సాయంత్రానికి పులిసి పారబోయాలి. బొరుగులు అలా కాదు. మూట పొడిగా ఉన్నంతకాలం నిలవ ఉంటాయి. పదిమంది వస్తే పదిమందికి, యాభైమంది వస్తే యాభైమందికి అప్పటికప్పుడు తడపొచ్చు. గిరాకీ ఎంతో ముందే చెప్పలేని ఊళ్ళో నష్టం తక్కువ తెచ్చే టిఫిన్ ఇదే.

ఒక రోజు లెక్క

ఇక్కడ వేసేది ఒక ఉదాహరణ లెక్క. అంకెలు ఊరిని బట్టి, ధరలను బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

మామూలు రోజున 80 ప్లేట్ల ఉగ్గాని బజ్జీ, ప్లేటు 30 రూపాయలు: 2,400. టీలు 150, ఒక్కోటి 10 రూపాయలు: 1,500. మొత్తం అమ్మకం 3,900.

బొరుగులు, శెనగపిండి, నూనె, మిర్చి, పాలు, చక్కెర, గ్యాస్ అన్నీ కలిపి 2,300. పనిమనిషి కూలి 500. బాడుగ, కరెంటు 150. ఖర్చు 2,950. మిగిలింది 950.

చాలామంది ఇక్కడే ఆగి 950 లాభం అనుకుంటారు. కానీ భార్యాభర్తలిద్దరూ చీకటితో లేచి రాత్రి దాకా చేసిన పనికి కూలి ఏది? ఇంకొకరి హోటల్‌లో చేస్తే తలా 400 అయినా వచ్చేది. ఆ 800 తీసేస్తే హోటల్ సంపాదించింది 150.

ఇప్పుడు ఉద్దెర. అమ్మకంలో పదో వంతు ఉద్దెర పోతుందనుకుందాం. రోజుకు 390, నెలకు 11,700. అందులో మూడో వంతు తిరిగి రాకపోతే నెలకు 3,900 పోయినట్టే. అంటే రోజుకు 130. 150లో 130 పోతే మిగిలేది 20 రూపాయలు. రెండు టీల డబ్బు.

నెలాఖరుకు చేతిలో ఏమీ లేకపోవడానికి కారణం ఇదే. దొంగ ఎక్కడి నుంచో రాలేదు. ఇంటివాళ్ళ కూలి లెక్కలోకి రాలేదు, ఉద్దెర రాత లోకి రాలేదు, అంతే.

రాయని ఉద్దెర రాని ఉద్దెర

పల్లెలో ఉద్దెర ఇవ్వకుండా హోటల్ నడవదు. కూలి వారానికోసారి వస్తుంది, ఆకలి రోజూ వేస్తుంది. "రేపిస్తాలే భాయ్" అని లేచిపోయే మనిషి రేపు కూడా మన బెంచీ మీదే కూర్చోవాలి. గట్టిగా అడిగితే ఎదురు హోటల్‌కు పోతాడు. అందుకే చాలామంది అడగడానికీ మొహమాటపడతారు, రాయడానికీ మొహమాటపడతారు. "తెలిసినవాళ్ళ దగ్గర రాసుకోవడమేంది" అంటారు.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సరిగ్గా ఈ విషయం మీదే ఉంది. సూరా బఖరాలోని 282వ ఆయత్ గడువు పెట్టి ఇచ్చే బాకీని రాసుకోమంటుంది. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దంటుంది. చేతికి చేయి జరిగిపోయే నగదు బేరాన్ని మాత్రం రాయకపోయినా ఫరవాలేదని సడలింపు ఇస్తుంది. హోటల్ భాషలో చెప్పాలంటే, డబ్బిచ్చి తాగిన టీ రాయనక్కర్లేదు, ఉద్దెర టీ రాయాలి. అంతకు రెండు ఆయత్‌ల ముందు, 280లో, ఇబ్బందుల్లో ఉన్నవాడికి వ్యవధి ఇవ్వమని ఉంది. రాసుకోవడం, గడువు ఇవ్వడం ఒకదానికొకటి అడ్డం కావు. రాసి ఉంటేనే ఎవరికి ఎంత గడువు ఇవ్వాలో, ఎంత వదిలేయాలో తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో ఖాతా ముగించడానికి రెండు గడువులు ఉన్నాయి. ఒకటి సుగ్గికి పోయేముందు, రెండోది ఉగాది వైపు మనుషులు తిరిగొచ్చాక. ఇంటికో పేజీ పెట్టి, రాసిన ప్రతిసారీ మొత్తం ఎంతయిందో ఆ మనిషికి చదివి వినిపిస్తే సగం తగాదాలు రావు. పోయేముందు కొంతైనా తీసుకుని, మిగతాది ఇద్దరి ఎదుటా రాసుకుంటే, కూలి డబ్బు మొత్తంగా చేతిలో ఉన్నప్పుడు అడగడానికి మొహమాటం ఉండదు.

శ్రావణానికి ముందు వచ్చే ఫైనాన్స్

శ్రావణం సరుకు కోసం ముందే డబ్బు కావాలి. బొరుగుల మూటలు, నూనె డబ్బాలు, అదనంగా ఇద్దరు పనివాళ్ళు. అప్పుడే రోజువారీ ఫైనాన్స్ మనిషి వస్తాడు. "పది వేలు రాసుకుంటాం, వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు ఇస్తాం, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టు" అంటాడు. వినడానికి నూటికి పది అన్నట్టు ఉంటుంది.

అసలు లెక్క వేరు. రెండో రోజు నుంచే అసలు తిరిగి పోతుంటుంది కాబట్టి వంద రోజుల్లో సగటున చేతిలో ఉండేది సగం డబ్బే. ఆ సగం మీద వెయ్యి కడుతున్నట్టు. ఊరి లెక్కలో చెబితే నెలకు నూటికి ఆరు రూపాయలకు పైమాటే. ఏడాదికి డెబ్బై దాటుతుంది. సూద్ హరామ్ అని తెలిసి కూడా అవసరానికి ఒప్పుకుంటారు. పండగ నెల రోజుల్లో అయిపోతుంది, వాయిదా మాత్రం వంద రోజులు. రోజుకు 20 మిగిలే హోటల్ నుంచి రోజుకు 100 ఎలా కడతారు? శ్రావణంలో దాచిందే పోతుంది.

కూర్చునే చోటు, హక్కు

గుడి ఉన్న ఊళ్ళో దుకాణం పెట్టుకునే ముస్లింలకు ఇంకో భయం ఉంటుంది. 2015 నవంబరులో అప్పటి ప్రభుత్వం జీవో 426 తెచ్చింది. దేవాలయాల దుకాణాల వేలంలో హిందూయేతరులు పాల్గొనకూడదన్నది దాని సారం. శ్రీశైలంలో ఏళ్ళ తరబడి దుకాణాలు నడిపిన ముస్లింలు కోర్టుకు వెళ్ళారు. 2019లో హైకోర్టు జీవోను సమర్థించింది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద, జీవో మీద స్టే ఇచ్చింది. ఇది గుడి దుకాణాలకు సంబంధించిన కేసు. సొంత స్థలంలోనో, ప్రైవేటు బాడుగ కొట్టులోనో నడిచే హోటల్ విషయం వేరు. ఎక్కడైనా సరే బాడుగ రసీదు, ఒప్పందం కాగితం దగ్గరుంటే మాట నిలబడుతుంది.

ఉండాల్సిన కాగితాలు

2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లో ఏడాది అమ్మకం 12 లక్షలు దాటని చిన్న వ్యాపారికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలన్నారు. ఫీజు ఏడాదికి 100 రూపాయలుగా పెట్టారు. ఇంటి గ్యాస్ బండ హోటల్‌లో వాడటం నేరం, 19 కిలోల కమర్షియల్ బండ వాడాలి. జీఎస్టీలో హోటల్ సేవ కిందికి వస్తుంది కాబట్టి ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితేనే రిజిస్ట్రేషన్. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్ళు చూసి టీ కొట్లకు, బేకరీలకు నోటీసులు వెళ్ళాక, ఈ వైపు కూడా కొందరు స్కానర్ తీసేయాలా అని భయపడ్డారు. పైన వేసిన లెక్కలో రోజుకు 3,900 అంటే ఏడాదికి 14 లక్షల చిల్లర. 20 లక్షలకు లోపే. జీఎస్టీ భయం అక్కర్లేదు గానీ 2011 నాటి 12 లక్షల గీత దాటింది కాబట్టి ఆహార రిజిస్ట్రేషన్‌కు ఇప్పుడున్న పరిమితి సంగతి మాత్రం మీ సేవలో కనుక్కోవాలి. అసలు అమ్మకం ఎంతో రాసుకుంటేనే ఏ గీత దాటామో తెలిసేది.

25 రూపాయల డబ్బా

ఇంతకూ చేయాల్సింది పెద్ద పని కాదు. ఉద్దెర రాసి, గడువుకు అడిగితే, తిరిగి రానిది మూడో వంతు నుంచి నాలుగో వంతుకు తగ్గిందనుకుందాం. నెలకు 3,900 బదులు 2,925 పోతుంది. 975 మిగులుతుంది, అంటే రోజుకు 32 రూపాయలు. అందులో 25 వేరే డబ్బాలో వేస్తే ఏడాదికి 9,125.

ఫైనాన్స్ మనిషి శ్రావణానికి ముందు చేతిలో పెట్టేది తొమ్మిది వేలే. ఆ డబ్బు మన ఖాతా పుస్తకంలోనే ఉంది. రాత్రి గల్లా మూసేముందు పది నిమిషాలు కూర్చుని రాస్తే చాలు. ఆ పని ఇంట్లో చదువుకునే ఆడపిల్లకో మగపిల్లాడికో అప్పగించినా మంచిదే. అమ్మానాన్నల రోజు కూలి ఎంతో వాళ్ళకూ తెలిసొస్తుంది.